నేడు కాలేజీ కలదు

కాలేజీల నాణ్యత తనిఖీ చేసే నాక్ బృందం వస్తోందంటే ప్రిన్సిపాల్‌కి బీపీ పెరుగుతుంది, కరస్పాండెంట్‌కి నిద్ర పట్టదు, లెక్చరర్లకి ఆదివారాలు పోతాయి. మనస్ఫూర్తిగా సంతోషించేది విద్యార్థి ఒక్కడే. ఆ రోజున కాలేజీ ఉంటుంది కాబట్టి.

మిగతా రోజుల్లో ఉండేదేమిటని అడగొచ్చు. బిల్డింగు ఉంటుంది. బస్సులుంటాయి. ఫీజు కౌంటర్ ఉంటుంది, అది సెలవు రోజుల్లో కూడా ఉంటుంది. కాలేజీ అంటే పాఠం చెప్పే మనిషి, తాళం తీసిన లైబ్రరీ, కరెంటున్న ల్యాబ్, గడియ పడే బాత్రూమ్ తలుపు. ఈ నాలుగూ ఒకే చోట, ఒకే రోజు కనబడాలంటే బెంగళూరు నుంచి కబురు రావాలి.

1994లో యూజీసీ బెంగళూరులో నాక్‌ను నెలకొల్పింది, ఉన్నత విద్యలో నాణ్యత పెంచడానికి. పెరిగింది, కాదనలేం. ఎటొచ్చీ ఆ పెరగడమేదో ఐదేళ్లకోసారి, ఒకట్రెండు రోజుల పాటు పెరిగి మళ్లీ యథాస్థానానికి వెళ్లిపోతుంది. నాక్ ఇచ్చే గుర్తింపు సాధారణంగా ఐదేళ్లు చెల్లుతుంది, బీటెక్ నాలుగేళ్లలో అయిపోతుంది. లెక్క వేస్తే ప్రతి ఐదు బ్యాచుల్లో ఒకటి కాలేజీని కళ్లజూడకుండానే పట్టా పుచ్చుకుని వెళ్లిపోతోందన్నమాట. ఆ దురదృష్టవంతుల సంగతి పక్కన పెట్టి, యోగం పట్టిన బ్యాచ్ గురించే మాట్లాడుకుందాం.

మన కథానాయకుడు బీటెక్ మూడో సంవత్సరం, సీఎస్ఈలో ఏఐ అండ్ ఎంఎల్, సి సెక్షన్. పేరెందుకు, అటెండెన్సులో ఫార్టీ సెవెన్ అంటారు, వాడు అలాగే పలుకుతాడు. కాలేజీ హైదరాబాద్ చుట్టూ ఎక్కడైనా కావచ్చు. ఇబ్రహీంపట్నం రోడ్డు, ఘట్‌కేసర్ రోడ్డు, మేడ్చల్ రోడ్డు, మొయినాబాద్ రోడ్డు, మీకు ఏది దగ్గరైతే అది. పేరు చెప్తే మిగతా కాలేజీలు నొచ్చుకుంటాయి, మమ్మల్నెందుకు వదిలేశారని.

సంబరం వారం ముందే మొదలవుతుంది. నాక్‌కి ప్రతి కార్యక్రమం ఫొటో కావాలి. ఆ ఫొటో జియోట్యాగ్ అయి ఉండాలి, అంటే మూలన అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైము కనబడాలి. దొంగ లెక్కలు అరికట్టడానికి పెట్టిన నిబంధన ఇది. మన కుర్రాళ్లు దాన్ని ఒక్క మధ్యాహ్నంలో లొంగదీశారు. అక్షాంశం ఎలాగూ మారదు, కాలేజీ అక్కడే ఉంది. తేదీ మార్చడానికి ఫోన్లో సెట్టింగ్స్ చాలు.

పోర్టికోలో ఐరన్ ఫ్రేమ్ ఒకటి నిలబెట్టారు. దాని మీద ఫ్లెక్సీలు మారుతున్నాయి. రెండింటికి జూన్ 5, పర్యావరణ దినోత్సవం. ఫార్టీ సెవెన్ చేతిలో వేప మొక్క, ఎదురుగా గొయ్యి, చుట్టూ చప్పట్లు. రెండుంబావుకి జూన్ 21, యోగా దినోత్సవం. అదే ఇరవై మంది, అదే గడ్డి, పద్మాసనం. రెండున్నరకి సెప్టెంబర్ 5, స్టేజీ మీద రాధాకృష్ణన్ గారి పటం. ఐదు నిమిషాల్లో సెప్టెంబర్ 15, ఇంజనీర్స్ డే. ఆ పటం దించి మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పటం పెట్టారు, దండ మాత్రం దించలేదు. 24న ఎన్ఎస్ఎస్ దినోత్సవం, చీపుర్లు. అక్టోబర్ 2, అవే చీపుర్లు, ఈసారి గాంధీ గారి పటం ముందు. మూడున్నరకల్లా ఏడాది గడిచిపోయింది. టీ తాగి, చొక్కాలు మార్చుకుని కిందటేడు మొదలుపెట్టారు.

2021కి వచ్చేసరికి ఎన్ఎస్ఎస్ సార్ నాలుక్కరుచుకున్నారు. అప్పుడు కోవిడ్ కదా, మాస్కులుండాలి. షూటింగ్ ఆపించి, మెడికల్ షాపుకి మనిషిని తోలి, డబ్బా మాస్కులు తెప్పించి మరీ ఫొటో తీయించారు. చరిత్ర మీద ఇంత గౌరవమున్న మనిషిని హిస్టరీ డిపార్ట్‌మెంట్లలో కూడా చూడం. వేప మొక్క ఐదేళ్ల పాటు గోతిలోకి దిగుతూ, పైకొస్తూ సాయంత్రానికి తల వాల్చేసింది. ఫైల్లో మాత్రం క్యాంపస్ నిండా వేప చెట్లే, గ్రీన్ ఆడిట్ కూడా అయిపోయింది.

ఇక రిజిస్టర్లు. లైబ్రరీకి రోజూ ఎంతమంది వచ్చారో సంతకాలతో సహా చూపాలి. రిజిస్టర్ నిన్ననే కొన్నది, కొత్తగా ఉంటే బాగుండదని అట్ట మూలలు గచ్చుకేసి రుద్దారు. పేజీల మధ్య నాలుగైదు చోట్ల టీ చుక్కలు. సి సెక్షన్‌కి రెండు సెమిస్టర్ల హాజరు అప్పజెప్పారు. వారానికోసారి పెన్ను మార్చాలి, నెలకోసారి చేతిరాత మారాలి, ఆదివారాలు వదిలేయాలి, పరీక్షల ముందు రద్దీ చూపాలి. ఒక తెలివైనవాడు సంక్రాంతి సెలవుల్లో కూడా యాభై మందిని లైబ్రరీకి తోలాడు. ఆ పేజీ చింపాల్సి వచ్చింది. క్లాసులో ఇద్దరు ఎడమచేతి వాటం వాళ్లున్నారు, వాళ్ల అక్షరాలు వేరేగా పడతాయి. మూడేళ్లలో మొదటిసారి హెచ్ఓడీ వాళ్లిద్దర్నీ పేరు పెట్టి పిలిచారు.

ఫైళ్లు మోస్తూ మోస్తూ ఫార్టీ సెవెన్ తన గురించి చాలా సంగతులు తెలుసుకున్నాడు. తాను ఎంట్రప్రెన్యూర్‌షిప్ సెల్‌లో సభ్యుడు. యాంటీ ర్యాగింగ్ కమిటీలో విద్యార్థి ప్రతినిధి. మొదటి సంవత్సరంలో తనను స్లో లెర్నర్‌గా గుర్తించారు, సాయంత్రాలు ప్రత్యేక తరగతులు పెట్టారు, రెండో సంవత్సరానికి అడ్వాన్స్‌డ్ లెర్నర్ అయ్యాడు. తనకో మెంటర్ ఉన్నారు. ఆ మెంటర్‌తో నెలనెలా మనసు విప్పి మాట్లాడాడు, మాట్లాడిన విషయాలు కూడా రాసి ఉన్నాయి. ‘ఇంటి పరిస్థితుల వల్ల ఒత్తిడిలో ఉన్నాడు, ధైర్యం చెప్పడమైనది’ అన్న వాక్యం దగ్గర వాడు కాసేపు ఆగాడు. నాన్నకి ఆ నెలలో నిజంగానే ఒంట్లో బాగాలేదు. ధైర్యం చెప్పిన మెంటర్ ఎవరా అని కింద సంతకం చూశాడు. ఆ సంతకం కూడా క్లాసులో ఎడమచేతి వాటం వాడిదే.

విద్యార్థుల సంతృప్తి సర్వే ఒకటుంటుంది, నాక్ నేరుగా విద్యార్థుల మెయిల్‌కి పంపుతుంది. ఇరవై పైచిలుకు ప్రశ్నలు, సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు. ఎవరి ప్రమేయం లేకుండా పిల్లలు స్వేచ్ఛగా చెప్పాలన్నది ఉద్దేశం. స్వేచ్ఛగా చెప్పడానికి అందర్నీ ల్యాబ్‌లో కూర్చోబెట్టారు. ల్యాబ్ అసిస్టెంట్ మధ్యలో నిలబడి స్వేచ్ఛ ఎలా నొక్కాలో చూపించాడు, నాలుగు, అన్నిటికీ అదే.

అసలు రోజుకి ముందు రాత్రి వాట్సాప్‌లో వచ్చిన సందేశం ఇది. ‘రేపు హండ్రెడ్ పర్సెంట్ అటెండెన్స్ మస్ట్. ఫార్మల్స్, టక్, బ్లాక్ షూస్, ఐడీ కార్డ్. గడ్డంతో వస్తే గేటు దగ్గరే ఆపేస్తారు. వచ్చినవారికి మూడు రోజుల అటెండెన్స్ కలుపుతారు.’ జేఎన్‌టీయూ నిబంధనల ప్రకారం డెబ్భై ఐదు శాతం హాజరుండాలి, అరవై ఐదు దాకా జారినా తగిన కారణం చూపి రుసుం కడితే క్షమిస్తారు. డబ్బు కట్టకుండా క్షమ దొరికే అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుంది? సెలూన్లు రాత్రి పదింటిదాకా కిటకిటలాడాయి.

పొద్దున ఆరున్నరకి బస్సు. రోజూ ముగ్గురి సీట్లో నలుగురు, ఫుట్‌బోర్డు మీద ఇంకో నలుగురు వెళ్లే బస్సులో ఈరోజు సీట్లు మిగిలాయి. అద్దెకి ఇంకో రెండు బస్సులు పెట్టారు. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో ఫస్ట్ ఎయిడ్ ఉంది. డ్రైవర్ అన్న ఖాకీ చొక్కా ఇస్త్రీ మడతలు విప్పకుండా వేసుకొచ్చాడు. ‘అన్నా, ఏంటీ వేషం?’ అంటే ‘ఇయ్యాల నేను కూడా స్టాఫేనట తమ్మీ’ అన్నాడు.

గేటు దాటితే ఇరువైపులా పూలకుండీలు, పోర్టికో దాకా. గోడలకి రంగు ఇంకా ఆరలేదు, ఆనుకోవద్దని సెక్యూరిటీ అరుస్తున్నాడు. ఎన్‌సీసీ పిల్లలు గౌరవ వందనానికి ఆరింటి నుంచి నిలబడి ఉన్నారు. ఫార్టీ సెవెన్ ఒక కుండీ పక్కకి జరపబోతే దాని అంచున తెల్ల పెయింటుతో ఇంకో కాలేజీ పొట్టి పేరు కనబడింది. ఆ కింద దాన్ని సగం కొట్టేసి మరో కాలేజీ పేరు. ఆ కుండీ చూసినన్ని క్యాంపస్‌లు మన ప్లేస్‌మెంట్ ఆఫీసర్ కూడా చూసి ఉండరు.

మొదటి పీరియడ్ మెషీన్ లెర్నింగ్. ఈ సబ్జెక్టుకి ఇన్నాళ్లూ ఒక కుర్ర లెక్చరర్ వచ్చేవాడు, పాపం ఆయనే జావా చెప్పేవాడు, ఆయనే బస్సు ఇన్‌ఛార్జి, ఆయనే అడ్మిషన్లకి ఊళ్లు తిరిగేవాడు. ఈరోజు ఆయన స్థానంలో సూటు వేసుకున్న డాక్టరేటు సార్ వచ్చారు. క్లాసు ప్రతినిధి సీఆర్ ముందే చెప్పి పెట్టాడు, ‘అరేయ్, ఈ సార్ మనకి మూడు సెమిస్టర్ల నుంచి చెప్తుండు. పేరు బోర్డు మీద పెన్సిల్‌తో చిన్నగా రాసిన, చూసి గుర్తు పెట్టుకోండి.’ మూడు సెమిస్టర్ల అనుబంధం ఉన్న ఆ సార్ లోపలికొచ్చి ప్రొజెక్టర్ స్విచ్ ఎక్కడుందో వెతుక్కుని, ముందు బెంచీ వాడిని మెల్లగా అడిగారు, ‘బాబూ, ఈ ఫ్లోర్లో వాష్‌రూమ్ ఉందా?’

అంతా నవ్వాపుకుంటున్నారు. అప్పుడు జరగకూడని పని జరిగింది. ఆయన పాఠం చెప్పారు.

గ్రేడియెంట్ డిసెంట్ అంటే గైడులో నాలుగు లైన్లు, ఒక బొమ్మ, ఐదు మార్కులని వీళ్లు అనుకుంటున్నారు. ఆయన సుద్దముక్క పట్టుకుని యాదగిరిగుట్ట మీద నిలబెట్టారు వీళ్లని. పొగమంచు, కళ్లకేం కనబడదు, కిందికి దిగాలి. కాలితో తడిమి ఎటు పల్లంగా ఉందో చూసుకుని అటు ఒక అడుగు. మళ్లీ తడమాలి, మళ్లీ అడుగు. అడుగు మరీ చిన్నదైతే తెల్లారేదాకా దిగుతూనే ఉంటావు, మరీ పెద్దదైతే దాటి అవతలి వాలు ఎక్కేస్తావు. ఆ అడుగు కొలతనే లెర్నింగ్ రేట్ అంటారు. వెనక బెంచీ నుంచి ఎవడో అడిగేశాడు, ‘సార్, మధ్యలో చిన్న గుంటలో దిగి అదే అట్టడుగనుకుని ఆగిపోతే?’ ఆయన మొహం వెలిగింది. బోర్డు చెరిపి ఇంకో బొమ్మ మొదలుపెట్టారు. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. కమిటీ వచ్చింది, తలుపు దగ్గర నిలబడింది, వెళ్లిపోయింది, అదీ ఎవరూ గమనించలేదు.

బయటికొస్తూ సీఆర్ అన్నాడు, ‘మామా, ఇది ఇంత ఈజీనారా?’ వాళ్లు అంతకుముందు సెమిస్టర్‌లో ఆ సబ్జెక్టుకి ముందు చదవాల్సిన పేపర్లోనే సగం మంది తప్పారు.

ఇంతకీ ఈ డాక్టరేటు సార్లు ఎక్కడ ఉంటారు? అన్ని చోట్లా ఉంటారు. ఇరవై మంది విద్యార్థులకి ఒక అధ్యాపకుడుండాలని ఏఐసీటీఈ అంటుంది. అందులో డాక్టరేట్లు ఇంతమంది అనీ లెక్కలున్నాయి. 2024 జూలైలో తమిళనాడులో అన్నా యూనివర్సిటీ అనుబంధ కాలేజీల జాబితాలు తిరగేస్తే, మూడు వందల మందికి పైగా అధ్యాపకులు ఒకే ఏడాది ఒకటికి మించిన కాలేజీల్లో ఫుల్‌టైమ్ పనిచేస్తున్నట్టు బయటపడింది. మనవాళ్లు తమిళ సోదరులకి ఏమాత్రం తీసిపోరు. ఆధార్, పాన్ నంబర్లు, బయోమెట్రిక్, ముఖం గుర్తించే యంత్రం అంటూ యూనివర్సిటీలు ఒక్కొక్క తాళమే వేస్తూ వస్తున్నాయి, తాళంచెవులు చేసేవాళ్లు కూడా ఇంజనీరింగ్ చదివినవాళ్లే. మరోపక్క 2024-25 నుంచి బాగా నడిచే కాలేజీలకి బ్రాంచిలో సీట్ల గరిష్ఠ పరిమితే ఎత్తేశారు. సివిల్, మెకానికల్ గదుల బోర్డులు పీకి సీఎస్ఈ బోర్డులు కొట్టడం ఒక వేసవి పని. ఆ గదుల్లో నిలబడే మనిషిని తయారు చేయడానికి ఇరవై ఐదేళ్లు పడుతుంది. అంత ఓపిక ఎవరికుంది, అద్దెకి దొరుకుతుంటే?

ల్యాబ్‌లో కొత్త మానిటర్లు. వాటి మీద పాలిథిన్ కవర్లు తీయొద్దన్నారు, దుమ్ము పడకుండా అని చెప్పారు గానీ అసలు కారణం అందరికీ తెలుసు. ఒక మూల త్రీడీ ప్రింటర్ పొద్దున్నుంచి ఒకే ఏనుగు బొమ్మ తయారు చేస్తోంది, కమిటీ వచ్చేసరికి తొండం దాకా రావాలని టైము లెక్కగట్టి ఆన్ చేశారు. ఇంకో మూల ‘విద్యార్థుల ఆవిష్కరణలు’. అందులో అంధుల కోసం చేసిన స్మార్ట్ స్టిక్ ఉంది. దీన్ని తయారు చేసిన విద్యార్థి ఎవరంటే అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ప్రాజెక్టులమ్మే షాపాయన. సోర్స్ కోడ్, రిపోర్టు, పీపీటీ, వైవాలో అడిగే ప్రశ్నలు, జవాబులు అన్నీ కలిపి ఒక ప్యాకేజీ. అదే కర్ర నాలుగు రోడ్ల మీది కాలేజీల్లో నాలుగు బ్యాచ్‌ల పేరు మీద ఆవిష్కృతమైంది. దేశంలో అంధులెవరికీ అది ఇంతవరకు చేరలేదు.

అయినా మానిటర్లు వెలిగాయి, నెట్ వచ్చింది, కుర్రాళ్లు ఊరుకుంటారా? గుట్ట దిగడం అప్పుడే నేర్చుకున్నారు కాబట్టి ముగ్గురు కూర్చుని కోడ్ రాసేశారు. రన్ అయింది. లెర్నింగ్ రేట్ పెంచి చూశారు, నిజంగానే అవతలి వాలు ఎక్కేసింది. కేకలు పెట్టారు. ల్యాబ్ అసిస్టెంట్ పరుగెత్తుకొచ్చి ‘ఏయ్, వాటిని ముట్టుకోవద్దు, చూపించడానికి పెట్టినవి’ అన్నాడు.

మధ్యాహ్నం క్యాంటీన్ గురించి రెండు మాటలే. నిమ్మకాయ పులిహోర, ఆరిపోయిన ఎగ్ పఫ్ తప్ప ఎరగని చోట బగారా అన్నం, ఖుబానీకా మీఠా కనబడితే మనిషి ఏమైపోతాడో అదే అయిపోయారు.

బాత్రూముల గురించి ఇంకొంచెం చెప్పాలి. అమ్మాయిల వైపు గడియలు బిగించారు. బకెట్లు, మగ్గులు, సబ్బు. శానిటరీ నాప్‌కిన్ల మెషీన్‌కి ప్లగ్ పెట్టారు, లోపల సరుకు నింపారు. మూడేళ్లుగా పొద్దున ఇంట్లో నీళ్లు తాగడం మానేసి, సాయంత్రం ఇంటికెళ్లి తాగే అలవాటు చేసుకున్న పిల్లలు, ఆ రోజు మధ్యాహ్నం కూలర్ దగ్గర బాటిళ్లు నింపుకుని తాగారు. నాక్ కొలమానాల్లో ఏడో అంశం పేరు సంస్థాగత విలువలు, ఉత్తమ పద్ధతులు. కాలేజీ తన ఉత్తమ పద్ధతులు రెండు చెప్పుకోవాలి. ఈ కాలేజీ చెప్పుకున్నది ఒకటి మహిళా సాధికారత, రెండోది జల సంరక్షణ. రెండోది మాత్రం నిజమే, మూడేళ్లు ఒక్క చుక్క ఖర్చు కానివ్వలేదు.

మూడింటికి విద్యార్థులతో ముఖాముఖి. ఇంగ్లీషు వచ్చిన నలభై మందిని ఏరి, కాలేజీ విజన్, మిషన్ బట్టీ పట్టించి కూర్చోబెట్టారు. మీకింకా ఏం కావాలి అని అడిగితే ‘సార్, ఇంకో స్విమ్మింగ్ పూల్’ అనాలి. మొదటిది ఎక్కడుందని అడిగితే ఏమనాలో రాసివ్వడం మర్చిపోయారు. అదృష్టవశాత్తూ అడగలేదు.

కమిటీ సభ్యుల్లో ఒకాయన పక్క రాష్ట్రంలో ప్రిన్సిపాల్. తిరిగి వెళ్తూ కుండీల దగ్గర ఆగారు. వంగి అంచు మీది పేరు చదివారు, మన ప్రిన్సిపాల్ గుండె జారిపోయింది. ఆయన తల దగ్గరికి పెట్టి అడిగారు, ‘రోజుకెంత తీసుకుంటున్నారు సార్? వచ్చే నెల మాకుంది.’

ఆయన్ని తప్పు పట్టలేం. తనిఖీ చేసేవాళ్లు, చేయించుకునేవాళ్లు వేరువేరు జాతులేం కాదు, వంతులు మారుతుంటాయంతే. అడిగింది కుండీల అద్దే కదా, అక్కడితో ఆగితే గొప్ప సంస్కారం. 2025 ఫిబ్రవరిలో సీబీఐ, గుంటూరు జిల్లాలోని ఒక విద్యాసంస్థకి మంచి గ్రేడు ఇచ్చేందుకు లంచం నడిచిందన్న కేసులో పది మందిని అరెస్టు చేసింది. వాళ్లలో నాక్ తనిఖీ బృందం ఛైర్మన్, సభ్యులు ఉన్నారు. నగదు, బంగారం, సెల్‌ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఇచ్చారన్నది అభియోగం. కోర్టు తేల్చేదాకా ఎవరినీ దోషులనకూడదు, అనం. కాకపోతే ఆ జాబితాలో ల్యాప్‌టాప్‌ల మాట విన్నప్పుడు ఫార్టీ సెవెన్ లాంటి వాళ్లకి ప్రాణం చివుక్కుమంటుంది. ల్యాబ్‌కి రావలసినవి దారి తప్పాయేమోనని.

గ్రేడ్ల గోల ఎందుకని, 2024 జనవరిలోనే నాక్ ఒక ప్రకటన చేసింది, ఇకమీదట గుర్తింపు ఉంది లేదా లేదు, అంతేనని. తనిఖీలు ఆన్‌లైన్‌లో జరపాలన్న మాట కూడా నడుస్తోంది. విద్యార్థి లోకం దీన్ని ముక్తకంఠంతో ఖండించాలి. ఆన్‌లైనైతే బగారా అన్నం ఉండదు, అదనపు బస్సులుండవు, కెమెరా తిరిగే వైపు గోడకే రంగు పడుతుంది. గడియ బిగించాల్సిన తలుపులు ఏ కెమెరాలోనూ రావు.

సాయంత్రం సాంస్కృతిక కార్యక్రమం. కూచిపూడి, పేరిణి, బతుకమ్మ, చివర్లో పంజాబీ భాంగ్రా, జాతీయ సమైక్యత కోసం. కమిటీ కార్లు గేటు దాటగానే డీజే పెట్టారు. కరస్పాండెంట్ గారే స్టేజీ ఎక్కి రెండు స్టెప్పులేశారు. ఫార్టీ సెవెన్ ఇంటికెళ్లేసరికి రాత్రి తొమ్మిదిన్నర. వాళ్లమ్మ ఎలా గడిచింది నాన్నా అనడిగితే వాడు అబద్ధం చెప్పాల్సిన అవసరం లేకుండా బాగా గడిచిందమ్మా అన్నాడు.

ఇదంతా చూసి చదువు నాశనమైపోయిందని గుండెలు బాదుకునే పెద్దలున్నారు. వాళ్లకి చదువంటే ఏమిటో తెలియదు. రెండేళ్లు పోతే ఈ కుర్రాడు హైటెక్ సిటీలో ఏదో కంపెనీలో చేరతాడు. ఒక రోజు క్లయింట్ విజిట్ అంటారు. ముందు రాత్రి మెయిల్ వస్తుంది, ఫార్మల్స్, ఐడీ కార్డు, హండ్రెడ్ పర్సెంట్ హాజరు. బెంచ్ మీదున్న వాళ్లని తెచ్చి ప్రాజెక్టు టీమని కూర్చోబెడతారు. మూడేళ్ల అనుభవముందని ముందు రోజు వచ్చిన కుర్రాడి చేత చెప్పిస్తారు. డెమో పనిచేసే ఒక్క బటన్ ఏదో అందరికీ నేర్పుతారు. అక్కడ తడబడేది ఎవరు? బుద్ధిగా క్లాసులు విని, పుస్తకాలు చదివి, నిజమైన సంతకంతో నిజమైన తేదీ వేసే అలవాటున్నవాడు. మనవాడు తడబడడు. వాడికి ఆ సబ్జెక్టులో ప్రాక్టికల్స్ అయ్యాయి. కాబట్టి కాలేజీ ఏమీ నేర్పలేదనడం అన్యాయం. సిలబస్‌లో లేనిదంతా నేర్పింది. సిలబస్‌లో ఉన్నది కూడా ఒక్క పీరియడ్ నేర్పింది, పొరపాటున.

మర్నాడు లారీ వచ్చి కుండీలు ఎక్కించుకుంది. మానిటర్లు కవర్లతో సహా వెళ్లిపోయాయి. లైబ్రరీకి తాళం. గడియలు మాత్రం విప్పలేదు, విప్పితే కూలీ దండగని. ఇలా లెక్క తప్పి మిగిలిపోయే మేలు కూడా ఒకటీ అరా ఉంటుంది. మెషీన్ లెర్నింగ్ పీరియడ్‌కి మళ్లీ పాత కుర్ర లెక్చరర్ వచ్చాడు, కళ్లు వాచిపోయి, వారం రోజులు ఫైళ్లతోనే నిద్ర కాబట్టి. పిల్లలు ‘సార్, ఆ గుంటలో ఆగిపోతే ఏం చేయాలో చెప్పలేదు’ అన్నారు. ఏ గుంట అన్నాడాయన.

అందుకని ఒక విన్నపం. విద్యార్థి సంఘాలు ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం ఏటా ధర్నాలు చేస్తూనే ఉన్నాయి, ఏటా బకాయిలు ఉంటూనే ఉన్నాయి. ఈసారి డిమాండ్ మార్చి చూడాలి. నాక్ ఒకటే కాదు కదా, ప్రోగ్రాముల గుర్తింపుకి ఎన్‌బీఏ ఉంది, ఏఐసీటీఈ ఉంది, అఫిలియేషన్ కోసం యూనివర్సిటీ పంపే నిజనిర్ధారణ కమిటీ ఉంది, అటానమస్ హోదాకి యూజీసీ వాళ్లుంటారు, మూడేళ్లకోసారి ఫీజు ఖరారు చేసే కమిటీ ఉంది, మంత్రిగారికి కోపమొస్తే విజిలెన్స్ ఉంటుంది. ఇన్ని కమిటీలూ ఇప్పుడు ఎవరికి తోచినప్పుడు వాళ్లొస్తున్నాయి. ఒకే నెలలో ఇద్దరొస్తారు, తర్వాత ఏడాదంతా ఎవరూ రారు. వీళ్లందర్నీ కూర్చోబెట్టి, సెలవులు తీసేసి, అకడమిక్ క్యాలెండర్‌లో సోమవారం నుంచి శనివారం దాకా వంతులేస్తే సెమిస్టర్ అంతా కాలేజీ నడుస్తుంది. కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు.

ఒక్కటి మాత్రం చూసుకోవాలి. రెండు కాలేజీలకి ఒకే రోజు వేయకూడదు. వేస్తే డాక్టరేటు సార్ ఇబ్రహీంపట్నం బోర్డు మీద మొదలుపెట్టిన సమీకరణం మేడ్చల్ బోర్డు మీద పూర్తి చేయాల్సి వస్తుంది, మధ్యలో ఔటర్ రింగ్ రోడ్డు టోల్ ఎవరు కట్టాలో తేలదు.